ఎడమ నుంచి చదివిన ఇల్లు

సౌదీ, ఖఫ్జీ నుంచి
ముత్యవ్వకు నీ పెనిమిటి భూమేష్ రాయునది. నా ఒళ్లు బాగానే ఉంది. నువ్వూ అమ్మా చంటిదీ చల్లగా ఉన్నారనుకొని కలం పట్టాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. కువైట్ నూనెబావుల మంటలు ఆరిపోయాయి. ఇప్పుడు దగ్గితే నల్లటి కళ్లె పడటం లేదు. యుద్ధంలో గుండ్లు తగిలిన జపాన్ ఇంజినీర్ల క్వార్టర్లకు ఇంకా గోడలు కడుతూనే ఉన్నాం. చంటిది నడుస్తోందని రాశావు, సంతోషం. గుమ్మం దగ్గర కనిపెట్టుకొని ఉండు.

ఇక నేను ఉత్తరాల్లో రాస్తూ వచ్చిన ఆ ఇంటి కథ. బీడీలు చుట్టేకాడ ఆడవాళ్లంతా చివరికేమైందని నీ ప్రాణం తీస్తున్నారని రాశావు. అది చదివాక తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ జపాన్ బొమ్మల పుస్తకం కూలిన క్వార్టర్లో దొరికిందని నీకు తెలుసు. ఇక్కడ టీవీలో జపాన్ కార్టూన్ బొమ్మలు అరబ్బీలో మాట్లాడుతుంటే చూసి చూసి, మాటలు రాకున్నా కథ పట్టగలనని నాకు ధీమా. వట్టి నేల మీద కట్టె ఇల్లు లేచింది, అందులో ముసలమ్మ ఒక్కతే, పిల్లలు ఒక్కొక్కరే తిరిగొచ్చారు, వాళ్లు వస్తున్నకొద్దీ ఆమె వయసు తగ్గింది అని ఉత్తరం వెంట ఉత్తరం రాశాను. నేనూ అట్లనే వస్తానని కూడా రాశాను.

ఒక శుక్రవారం రూములో అందరికీ ఆ కథే చెబుతున్నాను. పక్క మంచం దస్తగిరి, కడప మేస్త్రీ, పుస్తకం లాక్కొని తిప్పి చూశాడు.

"ఇది మా ఉర్దూ మాదిరి కుడిపక్క నుంచి సదవాలప్పా. నువ్వు ముసల్దాన్ని పెండ్లికూతుర్ని చేసినావు గదరా!"

నిజమే. పెండ్లికూతురు గడప తొక్కుతుంది, పిల్లలు పుడతారు, ఒక్కొక్కరే వెళ్లిపోతారు, చివరికి ఇల్లు పడగొడతారు. ఎవరూ తిరిగి రారు.

"బడికి వోనోడు కత జెప్తే గిట్లనే ఉంటది!" అన్నాడు మనూరి లింబాద్రి. రూమంతా నవ్వింది. ఎవరూ నేర్పకుండా అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, నాకు ఒళ్లు మండింది. మాట అన్నది లింబాద్రి. నేను తోసింది దస్తగిరిని. లింబాద్రిని కొడితే ఊళ్లో మాటొస్తుందని ఆ కోపంలో కూడా లెక్క చూసుకున్నాను. అంత పిరికివాణ్ణి.

దస్తగిరి ఇనుప మంచం మీద పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. తాపీ పట్టే చెయ్యి.

ఇక్కడ కొట్లాట జరిగితే కొట్టినవాణ్ణి ఇంటికి పంపుతారు, దెబ్బ తిన్నవాణ్ణి ఉంచి వైద్యం చేయిస్తారు. అయినా దస్తగిరి బాత్రూములో జారిపడ్డానని ఫోర్‌మన్‌కు చెప్పాడు. ఎందుకట్ల చెప్పావని అడిగితే, "నోరు మూసుకో అప్పా. పెండ్లాం బిడ్డ ఉండేవాడివి" అన్నాడు. ఆయనకు లేరా? నేను నోరు మూసుకున్నాను. ఎడమచేత్తో ఆయన అన్నం తింటుంటే గోడవైపు తిరిగి పడుకున్నాను. ఈమధ్య నీకు ఉత్తరం రాయకపోవడానికి అదే కారణం, పని ఎక్కువై కాదు.

తన తప్పుకు తానే పడ్డవాణ్ణి కూర్చోబెట్టి మేపలేమని దస్తగిరిని ఇంటికి పంపేయడానికి ఎగ్జిట్ రాశారు. అప్పుడు పోయి నిజం చెప్పాను. ఆయన్ని ఉంచారు. ఆ ఎగ్జిట్ నాకు కొట్టారు.

రూముకొచ్చి చెబితే దస్తగిరి కళ్లెత్తలేదు. "ఇన్నాళ్లు యాడికి పోయినావురా?" అన్నాడు.

ముత్యా, పని అయిపోయి వచ్చాడని ఎవరికీ చెప్పకు. తోటివాడి చెయ్యి విరగ్గొట్టి వచ్చాడని చెప్పు. అమ్మకు కూడా. చీకటి పడ్డాక ఊళ్లో దిగుదామనుకున్నాను ముందు. వద్దు. పగటి బస్సుకే వస్తాను. అందరూ చూడనీ.

ఇట్లు,
నీ ముందు నిలబడాలంటే భయపడుతున్న
నీ పెనిమిటి
భూమేష్