మేకు మీది హెడ్‌ఫోన్లు

చిరంజీవి కోడలమ్మకి మామయ్య ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే చూశాను. కలం మూత తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను. మీ అత్తయ్య తన టైలరింగ్ షాపుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, "ఆ మూతతో ఆడుకుంటున్నది మనవరాలా, మీరా?" అని అడిగింది. దాంతో పౌరుషం వచ్చి కూర్చున్నాను.

ఇక్కడ అందరం కులాసా. మీ ఆయన షిఫ్టుకి వెళ్ళి వస్తున్నాడు. వంట వాడి వంతు వచ్చిన రోజున మేం కాస్త తక్కువ తింటున్నాం, అంతకంటే కష్టమేమీ లేదు. ఫోను కూడా పలకని ఆ కొండల్లో నువ్వు వేళకి తింటున్నావనీ, షూటింగు చలిలో చెవులకి గుడ్డ కట్టుకుంటున్నావనీ తలుస్తాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. బుడంకాయకి జ్వరం పూర్తిగా తగ్గింది. అది పళ్ళు రావడానికి వచ్చిన జ్వరమే. కింద రెండు వచ్చాయి, వాటి పదునెంతో నా బొటనవేలు చెబుతుంది. గోడ పట్టుకుని ఇల్లంతా తనిఖీ చేస్తోంది. రాత్రిళ్ళు వాళ్ళ నాన్న పొట్ట మీదే నిద్ర. వాడు ఊపిరి పీల్చినప్పుడల్లా పైకీ కిందకీ ఊగుతూ, పడవలో పడుకున్నట్టు పడుకుంటోంది.

ఇక నువ్వు నాకప్పజెప్పి వెళ్ళిన చిన్న రికార్డరు సంగతి. "మామయ్యా, పాప గొంతు పంపమంటే మీ జీవితచరిత్ర పంపారు. మధ్యలో ఎక్కడో అది ఒకసారి దగ్గింది" అని రాశావు. ఏం చెయ్యను? మీట నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది. దీపం వెలిగితే నాకు మాట వస్తుంది. ఒక సీను అయ్యాక అందర్నీ కదలకుండా నిలబెట్టి, ఆ గదిలోని నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకుంటావని నువ్వు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. మన ఇంట్లో అలాంటి సరుకు ఎప్పుడూ దొరకలేదు మరి.

నా ఉద్యోగమంతా సినిమా హాల్లో ప్రొజెక్టరు గదిలో గడిచింది. ఆ యంత్రాల మోతలో మామూలుగా మాట్లాడితే ఎవరికీ వినబడదు. అందుకే గొంతు ఇలా పెద్దదయింది. చదువు కూడా అక్కడిదే. బడి నన్ను సగంలో వదిలేస్తే, ఆ గది చిన్న కిటికీలోంచి తెర మీద పడే పేర్లు కూడబలుక్కుని మిగతాది నేర్చుకున్నాను. సౌండు అని ఉన్నచోట ఎప్పుడూ మగవాడి పేరే పడేది. అందుకని మొట్టమొదటిసారి అక్కడ నీ పేరు పడిన రోజున, హాల్లో లేచి నిలబడి "అదిగో, మా కోడలు!" అని అరిచాను. వెనక వరసవాడు "సరే తాతా, ఇక కూర్చో, బొమ్మ కనబడట్లేదు" అన్నాడు. వాడు రసికుడు కాడు.

ఎక్కడున్నాం? ఆ, మీ షూటింగు మేనేజరు సంగతి చెప్పాలి. ఆయన సోమవారం ఫోన్ చేశాడు.

"పెద్దాయనా, ఏమీ అనుకోకండి. ఇదంతా ఆవిడ మంచి కోసమే. వచ్చిన సౌండులో గరగర ఉంది. ఆవిడ పట్టుకోలేకపోయింది. చంటిపిల్ల తల్లి కదా, మనసు ఇంటి మీదుంటుంది. రెండో షెడ్యూలుకి వేరే ఆయన్ని చూసుకుంటాం. మీరొక మాట చెబితే ఆవిడ నొచ్చుకోదు" అన్నాడు.

"మీ కెమెరామన్‌కి పిల్లలున్నారా అండీ?" అని అడిగాను.

"ఉన్నారు. చిన్నవాడు మొన్ననే పుట్టాడు."

"అయితే ఆయన మామగారికి కూడా ఫోన్ చేశారా?"

కాసేపు అటునుంచి చప్పుడు లేదు. నువ్వయితే దాన్ని కూడా రికార్డు చేసుకునేదానివి. ఇంకో ఫోను వస్తోందని పెట్టేశాడు. నేను ఛాతీ విరుచుకుని వంటింట్లోకి వెళ్ళి అంతా మీ అత్తయ్యకి అభినయించి చూపించాను. ఆవిడ గిన్నె తుడుస్తూ మొత్తం విని, "బాగా చెప్పారు. మరి ఆ మేకు మీదున్నదాని సంగతి కూడా చెప్పారా?" అంది.

అమ్మాయ్, అసలు విషయానికి వస్తున్నాను. ఇందాకటి కబుర్లన్నీ దీన్ని ఆలస్యం చెయ్యడానికే అని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

నీ హెడ్‌ఫోన్లలో ఎడమచెవిది పాడైంది, ఇంట్లో ఉన్న పాతవి మీ షూటింగు బండిలో పంపమని కిందటి నెల రాశావు. వెతికాం, కనబడలేదు అని జవాబు రాశాను. అది అబద్ధం. అవి నువ్వు తగిలించిన మేకుకే ఉన్నాయి. ఇప్పుడూ ఎదురుగా కనబడుతున్నాయి.

ఎందుకు దాచానో చెబుతాను. నీ ఉత్తరం వచ్చిన రోజునే, బుడంకాయ గోడ పట్టుకుని ఆ మేకు కిందికి వెళ్ళింది. తల పైకెత్తి, వాటిని చూసి, "అమ్మ" అంది. నేను చెవులు రిక్కించాను. మళ్ళీ అంది. అప్పటిదాకా దాని నోట ఒక్క మాట రాలేదు. నువ్వు ఇంట్లో పని చేసుకున్నన్ని రోజులూ అవి చెవులకి పెట్టుకునే దాన్ని ఒళ్ళో ఆడించావు కదా. దాని లెక్కలో అవి కూడా నీ ముఖంలో భాగమే. ఆ రోజు నుంచి పొద్దున లేవగానే ఎత్తుకుని అక్కడికి తీసుకెళ్ళాలి. చెయ్యి చాచి ఒకసారి తడిమి, "అమ్మ" అని, తర్వాత పాలు తాగుతుంది.

అవి తీసి పంపడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ మాట సంగతి నీకు రాయడానికీ మనసొప్పలేదు. రాస్తే పని వదిలేసి పరిగెత్తుకొస్తావని భయం. నీ మేలు కోరే అనుకున్నాను. చూశావా, మీ మేనేజరు కూడా అదే ముక్క అన్నాడు.

ప్రొజెక్టరు మీద ఒక రీలు అయిపోబోయే ముందు తెర మూల చిన్న చుక్క కనబడుతుంది. అది చూసి రెండో యంత్రం తిప్పాలి. ఆ చుక్కని నేనెప్పుడూ తప్పిపోనివ్వలేదు. నీ ఉత్తరంలో అలాంటి చుక్కే స్పష్టంగా కనబడినా చెయ్యి కదపలేదు.

అటు నువ్వేమో ఒక చెవితో పని చేస్తూ, "నా చెవులే మొద్దుబారాయేమో మామయ్యా. పాప కోసం మానేస్తున్నానని చెప్పి మర్యాదగా వచ్చేస్తాను" అని రాశావు. అమ్మాయ్, నీ చెవులకి ఏమీ కాలేదు. పక్కింటి కుళాయి కారుతోందని మన వంటింట్లోంచి చెప్పిన చెవులవి.

మీ అత్తయ్య ఎదుటే మేనేజరుకి తిరిగి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. "మరి హెడ్‌ఫోన్లు పాడయ్యాయని ఆవిడ మాతో అనలేదే?" అన్నాడు. "ఆడది సాకులు చెబుతోందంటారని ఊరుకుని ఉంటుంది" అన్నాను. "శుక్రవారం బండిలో పంపండి. వచ్చే వారం సౌండు విన్నాకే రెండో షెడ్యూలు మాట చూద్దాం" అన్నాడు. అంతకంటే గట్టి మాట రాబట్టలేకపోయాను.

ఉండడమో రావడమో నీ ఇష్టం. పిల్లని చూడాలనిపించి వస్తే ఎదురొచ్చి నీ సంచీ నేనే మోస్తాను. నీ మీద నీకు నమ్మకం పోయి మాత్రం రాకు. అది పోగొట్టింది నేను, నువ్వు కాదు. ఉండిపోతే బుడంకాయకి మేమున్నాం. మీ అత్తయ్య షాపు మూసే ప్రసక్తి లేదు, నాకు వేరే పని లేదు.

హెడ్‌ఫోన్లతో పాటు రికార్డరు కార్డు కూడా పంపుతున్నాను. ఈసారి నువ్వు చెప్పినట్టే, "ముందుగది, మేకు దగ్గర" అని మాత్రం అని నోరు మూసుకున్నాను. కష్టమయింది కానీ మూసుకున్నాను. మొదట కాసేపు గది నిశ్శబ్దం ఉంటుంది. తర్వాత ఆ మాట వినబడుతుంది. ఆ పాత హెడ్‌ఫోన్లే పెట్టుకుని విను.

ఇట్లు,
నోరు మూసుకోవడం ఈ వయసులో నేర్చుకుంటున్న
మీ మామయ్య

తా.క. బండి వచ్చింది. డ్రైవరు వాకిట్లో టీ తాగుతున్నాడు. హెడ్‌ఫోన్లు నీ పాత ఉన్నిశాలువలో చుట్టి ఇచ్చేశాను. బుడంకాయ ఖాళీ మేకుని చూసి కాసేపు అక్కడే నిలబడింది. మీ అత్తయ్య మెడలోంచి కొలత టేపు తీసి ఆ మేకుకి తగిలించి, షాపు తాళాలు తీసుకుని వెళ్ళింది.