గేటుకు కెమెరా

కాటన్‌పేట, బుధవారం

పునీత్ నాయనా,

మూడు కంపెనీల కెమెరాలను పోల్చి నువ్వు పంపిన పట్టీని వారం రోజులుగా చదువుతున్నాను. అలసిపోయాను. శుక్రవారం పూలావిడ మన గేటుకు తగిలించే పొట్లం ప్రతిసారీ మాయమవుతోందని, దొంగను పట్టాల్సిందేనని మీ చిన్నాన్న పట్టు.

దొంగెవరో నాకు తెలుసు. పై అంతస్తులో ఉండే నా తోటికోడలు అంబికక్క. ఇల్లు పంచుకున్నాక అన్నదమ్ములకు మాటల్లేవు. పోయిన మా అత్తగారి పటం వాళ్ల వాటాకు వెళ్లింది. అంతకుముందు ఆ పటానికి శుక్రవారం పూలు పెట్టేది నేనే.

మొన్న మెట్ల మీద ఎదురై, "అత్తకు కనకాంబరాలంటే ప్రాణం గదమ్మా" అనేసి పోయింది. ఈ వారం అవే తెమ్మని పూలావిడకు చెప్పాను.

మూడింటిలో అన్నిటికన్నా మసకగా చూపించేది ఏదో నాకు చెప్పు. మీ చిన్నాన్నకు మాత్రం అదే మేలైనదని రాయి.

నీ చిన్నమ్మ