నాయన మీసాల కప్పు

చూలై, మద్రాసు
జూన్ 1956

చెల్లెలు తాయారుకు అన్న యతిరాజులు దీవెనలు. మోకాళ్ళ నొప్పి తప్ప ఇక్కడ అంతా క్షేమం.

రైల్వే ఆఫీసులో రిటైరయినప్పటి నుంచి నాకు పొద్దు పోవడం లేదు. మీ వదిన పోయాక ఇల్లు మరీ బోసిగా ఉంది. ఈమధ్య నాయన తెగ గుర్తొస్తున్నాడు. ఆదివారం పొద్దున ఆయన అరుగు మీద కూర్చుని మీసం మెలిపెడుతుంటే చూలై అంతా ఆగి చూసేది. తాయారూ, నాకు నాయన మీసాల కప్పు కావాలి. ఎక్కడైనా ఉంటే నీ దగ్గరే ఉండాలి. ఈ వయసులో ఇదేం పిచ్చని నవ్వకుండా పంపించు.

ఇట్లు, అన్న యతిరాజులు

తా.క. మూర్ మార్కెట్‌లో కొన్ని కొన్నాను. నాయనదాని అందం వాటికి లేదు.

కోడంబాక్కం

పూజ్యులైన అన్నకు తాయారు నమస్కారాలు.

నేనెందుకు నవ్వుతాను? మీ బావ స్టూడియోలో మేకప్ గదిలోనే పనిచేస్తున్నాడు, ఇలాంటిది నా దగ్గర కాక ఇంకెక్కడ దొరుకుతుంది? సీసా పంపుతున్నాను. మెత్తని గుడ్డ మీద నాలుగు చుక్కలు వేసుకుని రుద్ది, కాసేపు ఎండ తగలనివ్వు. ముసలిదనం కనిపించకుండా పోతుంది.

ఇల్లు బోసిగా ఉందన్న మాట చదివి మనసు కలుక్కుమంది. ఆ సంగతి నాకు వదిలెయ్. చింతాద్రిపేట నుంచి చూడామణి అనే ఆమె గురువారం మీ ఇంటికి వస్తుంది. అన్నీ ఉత్తరంలో రాయడం బాగుండదు. నువ్వే చూసుకుని, నచ్చితే రాయి.

నీ చెల్లెలు తాయారు

తా.క. ఆమె బడి పంతులమ్మ. మాట తూలకు.

చూలై

తాయారుకు అన్న దీవెనలు, ఈసారి కొంచెం తక్కువగా.

నువ్వు పంపిన సీసా పాలిష్ అనుకుని, నా తెల్లటి పింగాణీ కప్పులన్నిటికీ రుద్ది ఎండలో పెట్టాను. సాయంత్రానికి కిటికీలో కాకులు బారు తీరినట్టున్నాయి. చింతపండుతో తోమినా లాభం లేదు.

నేనడిగింది మీసాలకు వేసే కప్పు, అదే నల్ల రంగు, కాదు. కాఫీ తాగే కప్పు. లోపల అంచుకు అడ్డంగా చిన్న పింగాణీ పలక ఉంటుంది. మీసం దాని మీద ఆనుతుంది, కింది సందులోంచి కాఫీ నోట్లోకి వస్తుంది, మీసం తడవదు. దొరలు వదిలిపోయిన సామాన్లలో అలాంటివి ఏరి తెచ్చుకుంటున్నాను. ఇన్ని తెచ్చినా, నాయనకు వాళ్ళ దొర ఇచ్చిన నీలిపువ్వుల కప్పు మాత్రం నా దగ్గర లేదు.

ఇక చూడామణి. ఆమె కప్పు అమ్మడానికి వచ్చిందనుకున్నాను. "పాతదయినా పరవాలేదుమా, ఆడా ఈడా బీటలు లేకుంటే చాలు" అన్నాను. వెలుతురులోకి తెస్తే తిప్పి చూసి చెబుతానన్నాను. గొడుగు తీసుకుని చరచరా వెళ్ళిపోయింది. ఆమె వచ్చింది పెళ్ళిచూపులకని పక్కింటి పొన్నమ్మ చెబితే తెలిసింది.

ఇట్లు, యతిరాజులు

తా.క. ఆ గొడుగు నాది.

కోడంబాక్కం

అన్నకు తాయారు నమస్కారాలు.

నీ ఉత్తరం విని బావ అన్నం ముందు నుంచి లేచిపోయాడు, నవ్వు ఆపుకోలేక. చూడామణి గారి ఇంటికి పోయి క్షమాపణ చెప్పుకున్నాను. ఆమె కూడా చివరికి నవ్వింది.

కప్పు నా దగ్గరే ఉంది. బావ చేతికిచ్చి పంపుతున్నాను. కానీ అన్నా, అది నాయన కప్పు కాదు.

దొర ఇచ్చిన మాట నిజమే. నాయన ఒక్కరోజు దాంట్లో తాగాడు. మీసానికి నురుగు అంటకపోతే కాఫీ తాగినట్టే లేదని మళ్ళీ ఇత్తడి లోటాకే పోయాడు. ఆ కప్పులో రోజూ తాగింది అమ్మ. అప్పుడు నువ్వు చిత్తూరులో మామ ఇంట్లో చదువుకుంటున్నావు. అమ్మ ముక్కున వేలాడే బులాకీ దేంట్లో తాగినా కాఫీలో మునిగేది. ఈ కప్పులో అయితే హాయిగా పలక మీద ఆనేది. నాయన ఆఫీసుకు పోయాక వంటింటి గడప మీద కూర్చుని, కళ్ళు మూసుకుని తాగేది. "ఆ దొర దీన్ని నా కోసరమే చేయించినాడే పాపా. మీ నాయనతో చెప్పబాక" అనేది. అమ్మ తీరిగ్గా కూర్చోవడం నేను చూసింది ఆ కాస్త సేపే. నువ్వు సెలవులకు వస్తున్నావంటే కడిగి పై అరలో పెట్టేసేది. మగపిల్లవాడి ముందు సిగ్గు.

నువ్వు తిరిగి వచ్చేసరికి అమ్మ లేదు. నీ దగ్గర ఆమెదంటూ ఒక్క వస్తువు లేదని నాకు తెలుసు. అందుకే ఇస్తున్నాను.

నీ చెల్లెలు తాయారు

తా.క. లోపలి పలకకు బంగారు అంచు ఉంది. మధ్యలో ఒకచోట అరిగిపోయింది. అక్కడ వేలు పెట్టి చూడు.