సింగపూర్ బస్సులో చిల్లర

సువార్తా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. మన కరుణకి సింగపూర్‌లో, నువ్వు పనిచేసిన ఊళ్లోనే, నర్సు ఉద్యోగం వచ్చింది. వెళ్లి వారమైంది.

బయల్దేరే ముందు అడిగింది, "నాన్నగారూ, అక్కడ బస్సులో డబ్బులెలా ఇవ్వాలండీ? అమ్మేమైనా చెప్పిందా?" అని. నాకు తెలిసింది మన ఆకివీడు బస్సు, టిక్కెట్టు వెనక చిల్లర రాసిచ్చే కండక్టరు. పెద్ద నోటిచ్చినా మిగతాది ఇస్తారులే అన్నాను.

నిన్న మొదటి డ్యూటీకి వెళ్తూ బస్సులో డబ్బులు వేసే పెట్టెలో పది డాలర్ల నోటు వేసేసిందట. అక్కడ కండక్టరు ఉండడు, చిల్లర తిరిగిరాదు. తర్వాత తోటి నర్సు మెట్రో స్టేషన్లో బస్సు కార్డు కొనిపించిందట. ఎక్కినప్పుడే కాదు, దిగేటప్పుడూ దాన్ని మిషనుకి తాకించాలట, లేకపోతే చివరి స్టాపుదాకా ఛార్జీ పోతుందట. ఇదంతా ఇవాళ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది.

"అమ్మకీ మొదట్లో ఇలాగే అయ్యిందా నాన్నగారూ?" అంది.

ఆరేళ్లు నువ్వక్కడ చేశావు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తే నేను చేపల చెరువు సంగతులే చెప్పేవాణ్ణి. డ్యూటీకి ఎలా వెళ్తున్నావని ఒక్కసారీ అడగలేదు.

"తెలియదమ్మా" అన్నాను.