పది లక్షలిచ్చినా అమ్మని కొండ

స్లేట్ లిక్ లోయ, కెంటకీ
12 మే 1997

కాలేజీలో డబ్బు సాయం సంగతులు చూసే పెద్దమనిషికి,

ఆర్డెల్లా స్టిడమ్ నమస్కరించి రాయడం. ఇక్కడ నేనూ మా ఆయన హోబర్టూ బాగానే ఉన్నాం. మీరూ బాగున్నారనుకుంటాను.

నేను ఇరవై నాలుగేళ్లుగా స్కూలు బస్సు నడుపుతున్నాను. ఈ జూన్‌తో మా లోయ స్కూలు మూసేసి పిల్లల్ని కొండ అవతలి స్కూల్లో కలిపేస్తున్నారు. దాంతో నా బస్సుకి తిరిగే దారి లేకుండా పోయింది. జిల్లా గ్యారేజీలో డీజిల్ మెకానిక్కు పని ఖాళీగా ఉంది. ఇన్నేళ్లూ నా బస్సు నేనే బాగుచేసుకున్నానని అక్కడి పెద్దకి తెలుసు. ఇంజను చప్పుడు వింటే చాలు, ఏ గొట్టానికి చిల్లు పడిందో చెప్పేస్తాను. అయినా సర్టిఫికెట్టు లేనిదే పానా ముట్టుకోనివ్వనంటున్నాడు. మీ కాలేజీలో ఆ కోర్సులో చేరినట్టు కాగితం చూపిస్తే ముందు హెల్పరుగా తీసుకుంటాడట. ఆగస్టు దాటితే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. ఫీజుకి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుందని పోస్టాఫీసు గోడమీద చదివి, ఫారం నింపి పంపుతున్నాను.

ఆదాయం అన్న గడిలో ‘సరిపోతోంది’ అని రాశాను. భూమి విలువ దగ్గర హోబర్ట్ చెప్పింది రాశాను.

ఫోనే చేద్దామనుకున్నాను. మీ యంత్రం ఒకటి నొక్కు, రెండు నొక్కు అంది. మాది నొక్కే ఫోను కాదు, తిప్పేది.

ఇట్లు,
ఆర్డెల్లా స్టిడమ్

తా.క.: కుటుంబంలో ఎందరని అడిగారు గానీ, ఉండేవాళ్లా తినేవాళ్లా అన్నది చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం మా బల్ల దగ్గర చేరేవాళ్లని లెక్కేసి పదకొండు వేశాను.


లారెల్ గ్యాప్ కమ్యూనిటీ కాలేజీ
ఆర్థిక సహాయ విభాగం
21 మే 1997

గౌరవనీయులైన శ్రీమతి స్టిడమ్ గారికి,

మీ దరఖాస్తు అందింది. మా కాలేజీలో చేరడానికి ప్రవేశ పరీక్ష ఏదీ లేదు. వచ్చినవారందరినీ చేర్చుకుంటాము. కనుక డీజిల్ కోర్సులో మీ పేరు రాసుకున్నాము. ఆగస్టు 8 లోగా ఫీజు గానీ, గ్రాంటు మంజూరు గానీ లేకపోతే ఆ సీటు రద్దవుతుంది.

గ్రాంటు విషయంలో చిక్కులున్నాయి. ఆదాయం గడిలో అంకె రాయాలి. మీ భూమి విలువ మా కంప్యూటరులో పది లక్షల డాలర్లుగా నమోదైంది. ఆ లెక్కన మీకు ఒక్క డాలరు కూడా రాదు. మీరు రాసినవి నిజమని తగిన రుజువులు వెంటనే పంపగలరు.

భవదీయుడు,
లోవెల్ ఆంబర్గీ, గుమాస్తా


స్లేట్ లిక్ లోయ
3 జూన్ 1997

ఆంబర్గీ గారికి,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. నా మాటకి రుజువు అడిగినవాళ్లు ఈ యాభై ఏడేళ్లలో మీరొక్కరే. సరే, అడిగారు కాబట్టి ఇస్తున్నాను. మా లోయలో ఒకరి మాట మీద అనుమానం వస్తే, వాళ్లని ఎరిగినవాళ్లు నిలబడి పూచీ పడతారు. నలభై ఒక్కమంది నా గురించి రాసిచ్చారు. పెట్టెలో పెట్టి పంపుతున్నాను. మొదటిది పాస్టరుగారిది, రెండోది కొట్టు యజమానిది. ఎస్టిల్ అనే అతనితో నాకు పదమూడేళ్లుగా మాటల్లేవు. అతనూ రాశాడంటే ఆలోచించండి.

ఇక భూమి సంగతి. ఫారంలో ఉన్నది ‘పది లక్షల డాలర్లిచ్చినా అమ్మం’ అని. మీరు సగం చదివి సగం వదిలేస్తే నేనేం చేసేది? అది ధర కాదు, పౌరుషం. అరవై ఎకరాలూ నిట్టనిలువు కొండే. ఆవుని మేపాలంటే ముందు తాడుతో కట్టుకోవాలి. కిందున్న బొగ్గు మా తాతగారు ఏనాడో కంపెనీకి రాసిచ్చేశారు. పైనున్నది మాత్రం మాది.

ఆదాయం అంకె అడక్కండి. నా జీతమెంతో మా అమ్మకే చెప్పలేదు.

ఇంతకీ మీరు ఏ ఆంబర్గీలు? బాల్ ఫోర్క్ వాళ్లా, వాగు అవతలి వాళ్లా?

ఉంటాను,
ఆర్డెల్లా స్టిడమ్

తా.క.: వచ్చినవాళ్లందరినీ చేర్చుకుంటామన్నారు. అలా చేర్చుకునే చోట్లు నాకు తెలిసి రెండే, చర్చీ జైలూ. మీది ఏ తరహానో కనుక్కోమన్నాడు హోబర్ట్.


లారెల్ గ్యాప్ కమ్యూనిటీ కాలేజీ
17 జూన్ 1997

శ్రీమతి స్టిడమ్ గారికి,

పెట్టె చేరింది. మీ నిజాయితీని శంకించే ఉద్దేశం నాకు లేదు. రుజువులంటే ఆదాయపు పన్ను కాగితమూ, భూమికి కౌంటీ వాళ్లు కట్టిన విలువ కాగితమూ అని అర్థం. అవి రెండూ పంపితే చాలు. పూచీలు అవసరం లేకపోయినా మా ఆఫీసులో అందరూ వరసపెట్టి చదివారు. ‘రోడ్డు పక్క గుంజకున్న నా ఉత్తరాల పెట్టెని ఈవిడ బస్సుతో రెండుసార్లు గుద్దింది, రెండుసార్లూ మునుపటికంటే తిన్నగా పాతింది’ అని ఎస్టిల్ గారు రాసినదాన్ని మా పై అధికారిణి తన బల్ల దగ్గర అంటించుకున్నారు.

ఒక హెచ్చరిక. పది లక్షలూ ఆ పైనా ఉన్న ప్రతి పేరునీ మా కంప్యూటరు తనంతట తాను విరాళాల విభాగానికి పంపిస్తుంది. వాళ్లనుంచి ఏదైనా ఉత్తరం వస్తే దయచేసి పట్టించుకోవద్దు.

భవదీయుడు,
లోవెల్ ఆంబర్గీ

తా.క.: కాలేజీ రెండు తరహాలకీ మధ్యలో ఉంటుంది. ఈ మాట నా సొంతం, ఆఫీసుది కాదు.


స్లేట్ లిక్ లోయ
1 జూలై 1997

లోవెల్ గారికి,

మీ హెచ్చరిక మంగళవారం వచ్చింది. వాళ్ల ఉత్తరం అంతకు ముందు శుక్రవారమే వచ్చింది. బంగారు అంచు కార్డు. సోమవారం ప్రిన్సిపాలుగారింట్లో భోజనానికి దయచేయమన్నారు. గ్రాంటుకి దరఖాస్తు పెట్టినవాళ్లందరినీ ఇలాగే పిలుస్తారు కాబోలు, ఎంత మర్యాదస్తులో అనుకున్నాం. హోబర్ట్ తన అంత్యక్రియలకని దాచుకున్న సూటు తీసి వేసుకున్నాడు. గని దుమ్ము పట్టిన ఊపిరితిత్తులు కదా, మెట్లెక్కడానికి కొంచెం సేపు పట్టింది. వట్టి చేతుల్తో వెళ్లకూడదని ఊరబెట్టిన మొక్కజొన్న రెండు సీసాలు పట్టుకెళ్లాను.

బల్లమీద ఎన్ని రకాల చెంచాలో. నా పక్కన కూర్చున్నావిడ, మా కాలేజీలో మీ మనసుకి నచ్చినదేమిటి అని అడిగింది. నిజం చెప్పాను. దారిలో డీజిల్ షెడ్డు చూశాను, కప్పు కారుతోంది, ముందు ఎవరైనా అది బాగుచేయిస్తే బాగుండును అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆ పని మీ చేతుల మీదుగా జరిగితే ఎంత బాగుంటుంది అంది. ఉప్పు తిన్న ఇంట్లో, ఎదురుగా కూర్చుని, కాదని ఎలా అంటాను? ‘చూద్దాం లెండి’ అన్నాను. మన వైపు ఆ మాటకి అర్థమేమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకో ఇప్పటికీ తెలియలేదు.

పన్ను కాగితం గురించి ఇంకా ఆలోచిస్తున్నాను.

ఆర్డెల్లా

తా.క.: ప్రిన్సిపాలుగారి కారు ఇంజను బెల్టు కీచుమంటుంటే వచ్చేటప్పుడు బిగించి వచ్చాను. డబ్బున్నవాళ్లు ఇంత సరదాగా ఉంటారనుకోలేదని ఆయన హోబర్ట్‌తో అన్నాడట.


లారెల్ గ్యాప్
18 జూలై 1997

ఆర్డెల్లా గారూ,

విరాళాల విభాగం వాళ్లు మన వైపు వాళ్లు కారు. వాళ్ల లెక్కలో ‘చూద్దాం లెండి’ అంటే ఇస్తున్నామని. ‘ఆర్డెల్లా, హోబర్ట్ స్టిడమ్ డీజిల్ భవనం’ అని బోర్డు కూడా రాయించారు. ఇప్పుడు మీ దరఖాస్తు పై ఆఫీసులో ఆగిపోయింది. ఒకే మనిషి ఒకే వేసవిలో కాలేజీకి భవనమూ ఇచ్చి, అదే కాలేజీని ఫీజు సాయమూ అడగడం ఇంతవరకు ఎరగమంటున్నారు. నేను నోటితో ఎంత చెప్పినా వినరు. వాళ్లకి కాగితం కావాలి. ఇంక మూడు వారాలే ఉంది. ఆ తరవాత సీటు పోతుంది, దానితో పాటు గ్యారేజీ పనీ పోతుంది.

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. మేం బాల్ ఫోర్క్ ఆంబర్గీలమే. మా ఇంట్లోనూ అంతే, లోపల ఈగల మోత, బయట పల్లకీ మోత. ఎవరేమడిగినా బాగానే ఉన్నాం అనడమే నేర్పారు. మీరా అంకె ఎందుకు రాయలేకపోతున్నారో నాకు తెలుసు. కానీ ఈ ఫారం మీ పొరుగువాళ్లు కాదండీ. ఆదివారం చర్చి మెట్లమీద నిలబడి మీ గురించి మాట్లాడుకోదు. రాసి పంపండి. చూసేది నేనూ, పై ఆఫీసూ, అంతే.

మీ
లోవెల్

తా.క.: ఊరబెట్టిన మొక్కజొన్న ఎవరూ మూత తియ్యలేదని తెలిసి ఒక సీసా నేను తెచ్చేసుకున్నాను. అయిపోయింది.


స్లేట్ లిక్ లోయ
27 జూలై 1997

లోవెల్ నాయనా,

కాగితాలు రెండూ ఇందులో పెట్టాను. అయినా నా చేత్తో కూడా రాస్తాను, మళ్లీ సగం చదివారన్న మాట రాకుండా.

పోయిన ఏడాది నాకొచ్చింది తొమ్మిది వేల నాలుగు వందల డాలర్లు. హోబర్ట్ జబ్బు పింఛను ఆరు వేలు. ఇంట్లో ఇద్దరమే. మిగతా తొమ్మిదిమంది ఆదివారం తినేసి వాళ్లిళ్లకి పోతారు. కొండకి కౌంటీ వాళ్లు కట్టింది ఎనిమిది వేలు. జూన్ నుంచి నా జీతం లేదు. సరిపోవడం లేదు. చలికాలంలో ఇంటిని వెచ్చగా ఉంచడానికి నిరుడే చాలలేదు.

ఇది రాయడానికి సాయంత్రమంతా పట్టింది. ఇరవై నాలుగేళ్లు మంచులో కొండదారిన పిల్లల్ని తీసుకెళ్లినదాన్ని, ఎప్పుడూ బండి ఆపలేదు. ఈ పూట ఆ అంకె దగ్గర మూడుసార్లు కలం ఆపాను. నేను రాస్తున్నంతసేపూ హోబర్ట్ వసారాలో కూర్చున్నాడు, ఎవరైనా అడిగితే నేను చూడలేదని నిజం చెప్పొచ్చని.

చదివి సొరుగులో పెట్టుకో నాయనా, బల్లమీద వదలకు. మంచివాడివే గానీ, రాసి పంపండి అని తేలిగ్గా అనేశావు. నీ బతుకు ఇంత అని అంకె వేసి ఇంకొకరి బల్లమీద ఎప్పుడైనా పెట్టావా? పెట్టినవాళ్లకే తెలుస్తుంది.

ఆర్డెల్లా

తా.క.: నాకు ఇంజను వచ్చు. ఆ సంగతి ఏ గడిలో రాయాలో మీ ఫారంలో లేదు. ఉండాల్సింది.


లారెల్ గ్యాప్
7 ఆగస్టు 1997

ఆర్డెల్లా అత్తకి,

గ్రాంటు మంజూరైంది. ఫీజు, పుస్తకాలు, పనిముట్లు అన్నీ అందులోనే వస్తాయి. సీటు ఖాయం. ఇందులో పెట్టిన కాగితం గ్యారేజీ పెద్దకి చూపించు. నీ ఉత్తరం సొరుగులో పెట్టి తాళం వేశాను. విరాళాల వాళ్లకి అసలు సంగతి చెప్పాను. రాయించిన బోర్డు చెరిపించేశారు.

నువ్వడిగినదానికి జవాబు. లేదు, ఎప్పుడూ పెట్టలేదు. తొమ్మిదేళ్లుగా ఈ కుర్చీలో కూర్చుని వందలమంది చేత ఆ గడి నింపించాను. నేను ఇదే కాలేజీలో చేరి, ఫీజు కట్టలేక మూడో టెర్ములోనే మానేసినవాణ్ణి. నా జీతానికి ఈ గ్రాంటు ఎప్పుడో వచ్చేది. పక్క బల్లల వాళ్లు నా అంకె చూస్తారని అడగలేదు. నా ఫారం ఒకటి, ఆ ఒక్క గడి తప్ప అన్నీ నింపి, మూడేళ్లుగా నా దగ్గరే ఉంది. మంగళవారం ఆ గడి నింపి, నా చేత్తో తీసుకెళ్లి పై అధికారిణి బల్లమీద పెట్టాను. నువ్వన్నది నిజమే, తేలిక కాదు. ఆవిడ చదివి, తలెత్తకుండా ముద్ర వేసి, క్లాసుకి ఆలస్యంగా వెళ్లకు అంది.

డీజిల్ కోర్సుకీ, నేను వదిలేసిన కోర్సుకీ ఒక క్లాసు ఉమ్మడి. ఈ నెల 18, సోమవారం ఉదయం ఎనిమిదికి, రెండో అంతస్తు చివరి గది. కిటికీ పక్కన నీకొక కుర్చీ పట్టి ఉంచుతాను.

నీ
లోవెల్

తా.క.: ఆ క్లాసు లెక్కలు. మూడో టెర్ములో ఫీజు కట్టలేకపోవడమే కాదు, నేను పరీక్ష తప్పింది కూడా అందులోనే. డబ్బు సాయం ఆఫీసు గుమాస్తాకి భిన్నాలు రావన్న మాట లోయలో ఎవరికీ చెప్పకు. నీకు వస్తాయి కదా?