బేసిన్లో రెక్కలు

ఫిబ్రవరి, మంగళవారం రాత్రి

మామిడి పూతను పురుగు తినేస్తోందని ఆయన నిన్న తోటలో లైటు కట్టించి, కింద కిరసనాయిలు కలిపిన నీళ్ల బేసిన్ పెట్టించారు. పొద్దున వెళ్లి చూస్తే నిండా చచ్చిన చిమ్మటలు. పూతను పాడుచేసే రకం అందులో కొన్నే. మిగతావి చీకట్లో పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి మోసేవి.

“తెల్లవార్లూ ఎందుకండీ, పదింటికి ఆపేద్దాం. పుప్పొడి మోసేవి కొన్నైనా బతుకుతాయి” అన్నాను.

“ఆ పాఠం కాలేజీలో చెప్పుకో. పూత పోతే కాయలు నువ్విస్తావా?” అన్నారు.

ఇవ్వలేను. పైగా నా మాటే నిజమని గట్టిగా చెప్పగలనా?

నిరుడు ఈపాటికి చిమ్మటలు ఈ డైరీ మీద వాలితే విసుక్కునేదాన్ని. ఇవాళ ఒక్కటీ రాలేదు. తోటలో లైటు వెలుగుతూనే ఉంది. స్విచ్ వసారాలోనే. రెండుసార్లు లేచి వెళ్లాను, ముట్టుకోకుండానే తిరిగొచ్చాను.