ఫిల్టర్‌లో దొరికిన పిన్నులు

సుగుణా,

నువ్వు వెళ్లి నేటికి ఏడాది. సాయంత్రం నీ జ్ఞాపకార్థ ప్రార్థనకు వేసుకోవలసిన తెల్లచొక్కా పొద్దున్నే మన వాషింగ్ మెషిన్‌లో చిక్కుకుపోయింది. నీళ్లు బయటికి పోలేదు, తలుపు తెరుచుకోలేదు.

ఆ మెషిన్ గురించి నీకు నేను చెప్పని పాఠం లేదు. సబ్బుపొడి కొలత, బట్టల బరువు కాగితం మీద రాసి గోడకు అంటించాను. ఎనిమిదేళ్లు అది మొరాయించకపోవడం ఆ కాగితం గొప్పతనమే అనుకున్నాను.

కింద చిన్న మూత తీసి, నీళ్లు పళ్లెంలోకి వదిలి, ఫిల్టర్‌ను నెమ్మదిగా తిప్పి లాగాను. పీచులో చుట్టుకుని పదకొండు వాచీ బెల్టు పిన్నులు! అన్నీ నా చొక్కా జేబులోవే. వాచీలు బాగుచేస్తూ, చేతికొచ్చిన పిన్నును జేబులో వేసుకోవడం నా అలవాటు.

పై వాటా యాదమ్మ చూసి ఒకటే నవ్వు. "ఏందన్నా, దుకాణం మొత్తం మెషిన్ల ఏసి ఉతికినవా? వదిన ఉన్నప్పుడు నీ జేబులన్నీ దులిపి, గా పిన్నులు నీ డబ్బాల ఏసేది. నీకు ఎర్కలేదా?"

నాకు తెలియదు.

చొక్కా బయటికి వచ్చింది. మళ్లీ ఉతికి ఆరేశాను. నీ మీద చిరాకు మాత్రం తగ్గడం లేదు. ఎనిమిదేళ్లు నా ఉపన్యాసాలు విన్నావు. "ముందు మీ జేబులు చూసుకోండి" అని ఒక్కసారి గదమాయించి ఉంటే, ఈ పని నీ దగ్గరే నేర్చుకుని ఉండేవాణ్ణి కదా!